పగటికీ రాత్రికీ నడుమ పావుగంట

సూరత్ నగరంలో ఉదయం ఏడు గంటలకు రెండు జనప్రవాహాలు ఎదురెదురుగా నడుస్తాయి. ఉధ్నా, లింబాయత్, పాండేసరా పేటల ఇరుకు వీధులలో, తల దువ్వుకొని, టిఫిన్ డబ్బా చేతబట్టుకొని మరమగ్గాల షెడ్లలోకి వెళ్ళేవారు కొందరు. కనుబొమల మీద దారపు నూగుతో, చెవులలో దూదితో, ఎండ చూడలేక కళ్ళు చికిలించుకొంటూ బయటికి వచ్చేవారు కొందరు. సాయంత్రం ఏడు గంటలకు ఇదే దృశ్యం తిరగబడుతుంది. మనుషులు మారుతారు గాని మగ్గాలు ఆగవు. పన్నెండు గంటలు ఒకరివి, పన్నెండు గంటలు మరొకరివి. మగ్గం మీది బట్టకు మాత్రం ఇద్దరూ ఒక్కరే.

ఆ షెడ్లలో ఒకదానిలో ముప్పై ఏళ్ళకు పైగా పని చేసిన ఒక తెలుగు నేతకారుడు లింబాయత్‌లో ఉన్నాడు. వరంగల్ సమీపంలోని ఒక పల్లె ఆయనది. కులవృత్తి చేనేత. 1934లో నిజాం ప్రభుత్వకాలంలో వెలసిన అజంజాహీ మిల్లు కూత విని పొద్దు గుర్తించిన ఊళ్ళు ఆ ప్రాంతంలో ఎన్నో ఉండేవి. మగ్గం మీద కూడు పుట్టని రోజులు వచ్చినప్పుడు ఆ ఊళ్ళనుండి పద్మశాలీలు షోలాపూర్‌కు, భివండీకి, సూరత్‌కు తరలిపోయారు. ఈయన 1987లో వరంగల్ స్టేషన్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్‌లో దిగాడు. అప్పటికే దిగిన బంధువుల పక్కన చాప వేసుకొన్నాడు. మరమగ్గాన్ని ఆయన నేటికీ తన ఊరివారివలెనే ‘సాంచా’ అంటాడు.

కలిసి పనిచేయడం ఆయనకు కొత్త కాదు. ఇంట్లో మగ్గం ఉన్నవాడు ఒంటరిగా నేయలేడు. తల్లి ఆసుపోసేది, భార్య కండెలు చుట్టేది, తండ్రి గుంటమగ్గంలో కూర్చొనేవాడు. పడుగుకు గంజి పట్టించే రోజున వాడకట్టంతా కదిలేది. తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి కట్టి, ఎండ తాకేలోగా కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. అందుకు నాలుగిళ్ళవారు చేతులు వేయవలసిందే. ఈ రోజు మీ పడుగు, ఎల్లుండి మా పడుగు. ఎవరూ కాగితం మీద రాసుకొన్న ఏర్పాటు కాదది. ఎవరి చేయి ఎప్పుడు కలవాలో పని తానే చెప్పేది. పైగా అందరూ ఒకరికొకరు కనిపిస్తూ పనిచేసేవారు. పొరపాటు జరిగితే జరిగిన క్షణాననే తెలిసేది; కేకలు వేసుకొన్నా మధ్యాహ్నం అన్నం వేళకు సమసిపోయేది.

సూరత్‌లో ఆయన వాటాకు వచ్చినవి పన్నెండు సాంచాలు. పనిలో పాలివాడు ఒడిశాలోని గంజాం జిల్లా మనిషి. సూరత్ మరమగ్గాల మీద గంజాంవారి సంఖ్య చాలా పెద్దది. ఈయనకు ఒడియా రాదు, ఆయనకు తెలుగు రాదు. ఇద్దరికీ కూడబలుక్కొని వచ్చింది సూరత్ బజారు హిందీ. అయితే షెడ్డులో అది కూడా అక్కరకు రాదు. మగ్గాల మోతలో మాట వినబడదు గనుక, తెగిన పోగుకు ఒక సైగ, అయిపోయిన కండెకు ఒక సైగ, సేఠ్ వస్తున్నాడంటే ఒక సైగ. ఒక వారం ఈయనది పగలు, ఆయనది రాత్రి. మరుసటి వారం తారుమారు. గంజాం మనిషి ఉండే ‘మెస్’లో ఆయన చాప కూడా ఇలాగే చేతులు మారేది. పగటివాడు లేచి వెళ్ళిన చాప మీదనే రాత్రివాడు వచ్చి పడుకొనేవాడు. ఇంతగా ఒకరి చోటులో ఒకరు బ్రతికిన ఇద్దరు మనుషులు రోజుకు ఎదురుపడేది మాత్రం రెండుసార్లు, రెండేసి నిమిషాలు.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చూడవలసి ఉంది. నిమిషానికి నూటయాభై పేకపోగులు వేసే పాత మరమగ్గం మీద, అంగుళానికి యాభై పోగుల బట్ట నేస్తే, నిమిషానికి మూడంగుళాలు సాగుతుంది. గంటకు పదిహేను అడుగులు, అంటే నాలుగున్నర మీటర్లు. ఎక్కడా ఆగకపోతే పన్నెండు గంటలకు దాదాపు యాభై అయిదు మీటర్లు. సూరత్‌లో బట్టను లెక్కగట్టే చుట్టను ‘తాకా’ అంటారు. అది నూరు మీటర్ల వరకు ఉంటుంది. అంటే ఏ తాకా కూడా ఒక్క మనిషి చేతిమీదుగా పూర్తి కాదు. కూలీ మాత్రం మీటరుకు ఇంత అని మనిషి పేరున కట్టవలసిందే. అందుకని ఆ షెడ్డులో పని మారే వేళ, మగ్గం మీది బట్ట అంచున రంగు పెన్సిలుతో అడ్డగీత గీసేవారు. గీతకు ఇవతలిది నాది, అవతలిది నీది. ఆస్తులు పంచుకొన్న అన్నదమ్ముల గెట్టు కూడా అంత సూటిగా ఉండదు.

ఆయన కుమార్తె సూరత్‌లోనే పుట్టింది. ఆ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే తెలుగు నేలమీద ఉన్నవారికి ఆశ్చర్యం కలుగవచ్చు. ఆ బడులలో ఒకదానిలోనే ఆమె ఓనమాలు దిద్దింది. తరువాత ఇంగ్లీషు చదువులు చదివి, ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో ఉద్యోగం సంపాదించింది. ఆమె పని ప్రోగ్రాములు రాయడం కాదు. రాసేవారిలో ఎవరు ఏ పని ఏ తేదీకి ముగించాలి, ఎవరి పని ముగిస్తేగాని ఎవరిది మొదలు కాదు అన్నది కంప్యూటరులో పట్టీలుగా గీసి, ఆ పట్టీలు తప్పకుండా చూడడం.

ఒక దీపావళి సెలవులలో ఆమె ఇంటికి వచ్చింది. దీపావళికి సూరత్ మగ్గాలు మూతపడతాయి. ఏడాది పొడుగునా మోతలో బ్రతికే పేటలలో ఆ కొద్దిరోజుల నిశ్శబ్దం కొందరికి నిద్రపట్టనీయదు. ఆమె మేనమామ అప్పు చేసి, ఇరవై నాలుగు సాంచాల చిన్న షెడ్డు ఒకటి అద్దెకు తీసుకొని రెండేళ్ళయింది. పగలు ఇద్దరు, రాత్రి ఇద్దరు కారీగర్లు. కండెలు చుట్టే ఆడమనిషి ఒకరు. మగ్గం చెడిపోతే బాగుచేసే ‘మాస్టర్’ ఒకడు, వాడు కూడా మరి రెండు షెడ్లకు ఉమ్మడి. నష్టం ఎక్కడ వస్తున్నదో మేనమామకు అంతుపట్టడం లేదు. పగటివాళ్ళు రాత్రివాళ్ళ మీద, రాత్రివాళ్ళు పగటివాళ్ళ మీద చెబుతున్నారు. ఒక కారీగర్ పని మానేశాడు, మరొకడు మానేసేట్టున్నాడు. “నీ మెషీన్ల అందరి పనులు పెడతవట గదా, నా షెడ్డు గూడ పెట్టి చూడు బిడ్డా” అన్నాడు మేనకోడలితో, సగం వేళాకోళంగా, సగం ఆశగా.

ఆమె లాప్‌టాప్ తెరిచింది. తండ్రి పక్కన కూర్చొన్నాడు.

పనులను పట్టీలుగా గీసే ఈ పద్ధతి కంప్యూటర్లకన్న చాలా పాతది. పోలండ్‌కు చెందిన కరోల్ ఆడమియెట్‌స్కీ అనే ఇంజనీరు 1896లోనే ఇటువంటి పటాన్ని రూపొందించి దానికి ‘హార్మోనోగ్రామ్’ అని పేరు పెట్టాడు. అయితే ఆయన రాసింది ఇంగ్లీషులో కాదు. పశ్చిమదేశాలకు అది చాలాకాలం తెలియనే లేదు. 1910 దశకంలో అమెరికాలో హెన్రీ గాంట్ కర్మాగారాలకు, యుద్ధకాలపు ఓడల నిర్మాణానికి గీసిన పటాలే లోకమంతా వ్యాపించాయి. పేరు కూడా ఆయనదే నిలిచింది. ఒక భాషలో పుట్టిన ఆలోచన మరొక భాషలోకి సకాలంలో రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. 1950 దశకం చివరలో అమెరికాలోని డూపాంట్ రసాయన సంస్థ ఒకవైపు, ఆ దేశపు నౌకాదళం మరొకవైపు, ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో ముందుగానే లెక్కించే పద్ధతులు కనిపెట్టాయి. 1984లో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ అనే ప్రోగ్రాము రావడంతో ఈ విద్య సామాన్యపు కార్యాలయాల బల్లలమీదికి చేరింది.

మనుషులనూ యంత్రాలనూ ఆ ప్రోగ్రాము ఒకే పేరుతో పిలుస్తుంది. ఇంగ్లీషులో ‘రిసోర్స్’, తెలుగులో వనరు. కుమార్తె ఒక్కొక్కరినీ ‘వనరుల’ జాబితాలో ఎక్కిస్తూ ఉంటే తండ్రి ఆ మాటకు అర్థం అడిగాడు. చెప్పింది. “మనిషి, సాంచా రెండు ఒకే వరుసలనా?” అని మాత్రం అని ఊరుకొన్నాడు.

ఆ ప్రోగ్రాముకు ఒక సూత్రం ఉంది. పని అంటే కాలాన్ని మనుషులతో హెచ్చించినది. ఒక పనికి ఒక మనిషిని నియమించి, తరువాత మరొకరిని చేరిస్తే, అది అనుమతించిన మేరకు కాలాన్ని సగం చేస్తుంది. గోడకు సున్నం వేయడానికి, గుంట తవ్వడానికి ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. ఆలస్యమైన పనికి మరికొందరు మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ అనే కంప్యూటర్ నిపుణుడు 1975లో ఒక పుస్తకమే రాశాడు. కొత్తవారికి పని అప్పగించడానికీ, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికీ పట్టే కాలం ఆ సూత్రంలో లేదన్నది ఆయన వాదన. మగ్గం విషయం ఇంకా సులభం. దాని ముందు ఇద్దరిని నిలబెట్టినా నిమిషానికి నూటయాభై పోగులే వేస్తుంది.

కుమార్తెకు ఇది తెలియనిది కాదు. ఆమె ఇద్దరినీ ఒకేసారి నియమించకుండా, ఒకరికి పగటి పంచాంగం, మరొకరికి రాత్రి పంచాంగం ఇచ్చింది. ఆ ప్రోగ్రాములో రాత్రిపని కోసం సిద్ధంగా ఒక పంచాంగం ఉంది. అందులో రాత్రిపని పదకొండు గంటలకు మొదలై ఉదయం ఎనిమిదికి ముగుస్తుంది. నడుమ ఒక గంట విరామం. వారానికి అయిదు రాత్రులు. ఆమె ఆ మాట చదివి వినిపించినప్పుడు తండ్రీ మేనమామా ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వారు. పెద్దలకు రోజుకు తొమ్మిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు మించరాదని మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమూ నిర్దేశించింది. ఆ అంకెలు సూరత్ మగ్గాల షెడ్లలోకి ఏనాడూ సరిగా ప్రవేశించలేదు. కుమార్తె సిద్ధంగా ఉన్న పంచాంగాన్ని చెరిపి, ఏడు నుండి ఏడు వరకు కొత్తది తయారు చేసింది. మూడు షెడ్లకు ఉమ్మడి అయిన మాస్టర్ పేరు చేర్చగానే తెరమీద ఎర్రని మనిషిబొమ్మ వెలిగింది. ఒకే సమయంలో ఒకటికన్న ఎక్కువ చోట్ల ఉండవలసిన మనిషి అని దాని భావం. “గీ ముచ్చట నీ మెషీన్ చెప్పాల్నా?” అన్నాడు మేనమామ.

అర్ధరాత్రికి పటం పూర్తయింది. పగటికి పసుపు, రాత్రికి నీలం. ఒక పట్టీ ముగిసిన గీతమీదనే మరొక పట్టీ మొదలు. చూడముచ్చటగా ఉంది. తండ్రి కళ్ళద్దాలు సరిచేసుకొని చాలాసేపు చూశాడు. చివరకు పసుపు పట్టీ, నీలం పట్టీ కలిసే చోట వేలు పెట్టాడు.

“గీడ ఏమున్నది బిడ్డా?”

“ఏంలేదు బాపూ. ఒకలది అయిపోతది, ఒకలది మొదలైతది.”

“ఏంలేదా?” అన్నాడాయన. తరువాత, ఇంట్లో ఎవరికీ ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు.

అది 1996 నాటి మాట. అంతకు రెండేళ్ళ ముందు, 1994 సెప్టెంబరులో, సూరత్‌లో ప్లేగు పుట్టిందన్న వార్తకు లక్షలమంది రాత్రికి రాత్రి నగరం వదిలి పారిపోయారు. ఏడాది నిండిన బిడ్డను చంకనేసుకొని ఈయనా భార్యా ఆ జనంలో ఉన్నారు. తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు, 1995 మే నెలలో, సూర్యదేవర రామచంద్రరావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఎస్.ఆర్.రావు అంటే సూరత్‌లో నేటికీ తెలియనివారు అరుదు. ఆయన చేసిన పనులలో గొప్పగా చెప్పుకొనేవి వీధుల వెడల్పు, చెత్త ఎత్తివేత, హోటళ్ళ తనిఖీ. కాని వాటన్నిటి వెనుక ఉన్నది పని పంపకం. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క అధికారిని బాధ్యుణ్ణి చేసి, కమిషనరుకు ఉండే అధికారాలలో పెద్ద భాగం వారి చేతికి ఇచ్చారు. చల్లని గదులు వదిలి రోజువారీ పనుల్లోకి దిగాలన్నది ఆయన నియమం. దానికి వారు పెట్టుకొన్న ముద్దుపేరు ‘ఏసీ నుండి డీసీకి’. ఉదయమంతా అధికారులు వీధులలో ఉండాలి. మధ్యాహ్నం అందరూ ఒక్కచోట కూడి, ఆ పూట ఎవరికి ఏది అడ్డుపడిందో చెప్పుకోవాలి. ఒక మండలంలో ఆగిన పని రెండవవాడికి ఆ రోజే తెలియాలి. పెద్ద వీధులను రాత్రివేళ ఊడ్చే ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. ప్లేగు నగరమని పేరుబడిన సూరత్, రెండేళ్ళు తిరిగేసరికి చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరమని ఇన్‌టాక్ సంస్థ అధ్యయనంలో తేలింది. రాత్రిపని ముగించుకొని ఇంటికి నడిచే నేతకారుడికి ఇవేవీ పత్రికలద్వారా తెలియలేదు. మురుగుకాలువ పక్కన, ఇంకా పూర్తిగా తెల్లవారని వేళ, ఇస్త్రీ చొక్కా వేసుకొన్న అధికారి ఊడ్చేవారితో నిలబడి మాట్లాడడం చూసి, నిద్రమత్తులో తాను చూస్తున్నది నిజమేనా అనుకొన్నాడట.

ఆ సంవత్సరమే ఒక సాయంత్రం. ఈయనది పగటిపని. ఏడు కావడానికి మూడు నాలుగు నిమిషాలు ఉంది. వరుసలో చివరి సాంచా మీద ఒక పడుగుపోగు తెగింది. అటువంటి పాత మగ్గాలు పోగు తెగితే తమంతట తాము ఆగవు. ఆ పోగు లేకుండానే నేసుకుపోతాయి. బట్ట పొడుగునా వెంట్రుకంత సందు పడుతుంది. మగ్గం ఆపి, తెగిన కొస వెదికి, ముడివేసి, అచ్చుకన్నులోనుండి లాగి, పన్నె పండ్ల నడుమ దూర్చి మళ్ళీ నడిపించడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. ఈయన చూశాడు. మూడేళ్ళ కూతురుకు ఆనాడు ఒళ్ళు కాలిపోతున్నది. భార్య బిడ్డను భుజాన వేసుకొని షెడ్డు గేటు దగ్గర నిలుచుంది. డాక్టరు దవాఖానా మూసే వేళ దాటుతున్నది. గంజాం మనిషి అప్పుడే వరుస మొదట అడుగు పెడుతున్నాడు. ఈయన రంగు పెన్సిలు తీసి పన్నెండు మగ్గాల మీదా గీతలు గీసి, సైగ ఏదీ చేయకుండా వెళ్ళిపోయాడు. ఒక వేలు ఎత్తి చివరి సాంచాను చూపిస్తే చాలు. ఆ వేలు లేవలేదు.

రాత్రివాడు వరుస మొదటినుండి కండెలు చూసుకొంటూ చివరి మగ్గం దగ్గరకు వచ్చి కనిపెట్టేసరికి గంట కావచ్చింది. నాలుగు మీటర్ల బట్ట చెడింది. తాకా మడత దగ్గర విప్పినప్పుడు సందు బయటపడింది. మెహతాజీ అని పిలిచే గుమాస్తా రంగుగీత ఎక్కడుందో చూశాడు. చెడిన బట్ట గీతకు అవతల ఉంది. అంటే రాత్రివాడి పని. కూలీలో కోత ఆ పేరునే రాశాడు. గంజాం మనిషి పుస్తకం చూసి, ఒక్క మాటా అనకుండా వేలిముద్ర వేశాడు.

ఈయన నోరు విప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకొంటూ నాలుగు నెలలు గడిచాయి.

ఆ నాలుగు నెలలూ గంజాం మనిషి ఒక కొత్త అలవాటు పట్టాడు. పనిలోకి వస్తూనే, ఈయనను కదలనీయకుండా చేయి అడ్డం పెట్టి, పన్నెండు సాంచాల వెంటా నడిచి, ఒక్కొక్క పడుగు మీద అరచేయి ఆనించి చూసి, అప్పుడు గాని పొమ్మని సైగ చేసేవాడు కాదు. అది తన మీద అనుమానమని ఈయనకు అర్థమైంది. అర్థమైనకొద్దీ కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం చిత్రమైనది. చేయనివాడి కోపంకన్న అది ఎక్కువసేపు మండుతుంది. ఒకనాడు గేటు బయట, చాయ్ బండి దగ్గర, దారికడ్డం నిలబడి అడిగేశాడు: నన్ను దొంగనుకొంటున్నావా?

లేదన్నాడు గంజాం మనిషి. ఆనాటి తాకా తానూ చూశానన్నాడు. మెహతాజీ గీతకు అవతలి నాలుగు మీటర్లు చూశాడు. తాను ఇవతలి జానెడు కూడా చూశాడు. సందు గీతకు ఇవతలనే, జానెడు ముందుగానే మొదలయింది.

జానెడంటే తొమ్మిది అంగుళాలు. మూడు నిమిషాల నేత.

అంత తెలిసీ మెహతాజీకి ఎందుకు చెప్పలేదని ఈయన అడిగాడు. గేటు దగ్గర బిడ్డనెత్తుకొని నిలుచున్న మనిషిని లోపలికి వస్తూ తానూ చూశానని ఆయన జవాబు. ఈయన అక్కడికక్కడే కోత సొమ్మంతా తీసి ఇవ్వబోయాడు. గంజాం మనిషి లెక్కపెట్టి సగం తీసుకొని సగం తిరిగి ఇచ్చాడు. మూడు నిమిషాలు నీవి, గంటసేపు చూడనివాణ్ణి నేను, అన్నాడు. నిజానికి సగంకన్న ఎక్కువే నీకు రావాలి గాని అంత చిల్లర నా దగ్గర లేదు, అని నవ్వాడు కూడా.

ఆ మరునాటి నుండి ఇద్దరూ ఒక కట్టుబాటు చేసుకొన్నారు. వచ్చేవాడు పావుగంట ముందు వస్తాడు. ఇద్దరూ కలిసి పన్నెండు సాంచాల వెంటా నడుస్తారు. రంగుగీత ఆ నడక అయిన తరువాతనే. ఆ పావుగంటకు కూలీ ఎవరూ ఇవ్వలేదు, వీరూ అడగలేదు. ఇరవై నాలుగేళ్ళు అలా గడిచాయి. 2020లో లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగినప్పుడు గంజాం మనిషి వలసకూలీల రైలెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. అప్పుడప్పుడు ఫోనులో మాట్లాడుకొంటారు. మగ్గాల మోత లేదు గనుక ఇద్దరికీ ఒకరి గొంతు ఒకరికి కొత్తగా వినిపిస్తుందట.

కూతురు కొంతసేపు ఏమీ అనలేదు. ఆనాటి జ్వరం ఆమెకు గుర్తులేదు. తల్లి వంటింట్లో నిలబడి వింటున్నదని అప్పుడు గాని ఎవరూ గమనించలేదు.

తరువాత ఆమె మళ్ళీ తెర ముందుకు వంగి, పసుపు పట్టీకి నీలం పట్టీకి నడుమ ఒక కొత్త పని చేర్చింది. పేరు ‘చేతి మార్పు’. కాలం పదిహేను నిమిషాలు. పగటి కారీగర్ పేరు ఎక్కించింది. తరువాత రాత్రి కారీగర్ పేరు చేర్చింది. చేర్చగానే ప్రోగ్రాము తన సూత్రం ప్రకారం లెక్క సరిచేసింది. మనుషులు ఇద్దరయ్యారు గనుక పని ఏడున్నర నిమిషాలలో ముగుస్తుంది.

ఆమె నవ్వింది. తండ్రికి వివరించి చెప్పింది. ఆయనకు నవ్వు రాలేదు. ఆయన ఆ అంకెను శ్రద్ధగా చూసి, “సగం నడిస్తే సగమే కనబడతది” అన్నాడు. ఆమె ఆ ఒక్క పనికి సూత్రం తొలగించి, కాలం మారరాదన్న ఏర్పాటు పెట్టింది. అంకె మళ్ళీ పదిహేనుకు వచ్చింది.

మేనమామ అంతవరకు గోడకు ఆనుకొని వింటున్నాడు. ఇప్పుడు ముందుకు జరిగి, తనకు పనికివచ్చే ప్రశ్న అడిగాడు. ఆ పావుగంట ఇద్దరికీ కూలీ కట్టాలా? మగ్గం నడుస్తూనే ఉంటుంది గదా, మీటర్లు ఎవరి పేరున రాయాలి? ఇద్దరు కారీగర్లు, రోజుకు రెండు మార్పులు, నెలకు ఎంతవుతుంది? కుమార్తె ఖర్చు గడిలో అంకెలు వేసి చూపింది. అంత పెద్ద మొత్తమేమీ కాదు. చిన్న షెడ్డుకు అంత చిన్నదీ కాదు. ఒక నెలలో కోతల పుస్తకంలో పోయిన సొమ్ము ఎంతో చెప్పమని ఆమె అడిగింది. ఆయన చెప్పలేదు. పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

వలసపోయిన నేతకారులను వెనుకకు రప్పించాలని వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో పునాదిరాయి వేసినప్పుడు, లింబాయత్‌లో ఈ ఇంట కూడా వెళదామా వద్దా అని పెద్ద చర్చ జరిగింది. అప్పుడు తండ్రి చెప్పిన కారణాలలో ఇల్లు, బడి, అప్పులు ఉన్నాయి. అసలు కారణం ఏమిటో కూతురు ఆ రాత్రి ఊహించుకొన్నది గాని అడగలేదు.

లాభపంచమి నాడు సూరత్ వ్యాపారాలు మళ్ళీ తలుపులు తెరుస్తాయి. ఆ సాయంత్రం మేనమామ షెడ్డులో కొబ్బరికాయ కొట్టి మగ్గాలు నడిపించారు. ఏడుకు పదిహేను నిమిషాలు తక్కువగా ఉండగా రాత్రి కారీగర్లు ఇద్దరూ వచ్చారు. రమ్మని కబురు చేసింది మేనమామే. పగటివారిలో ఒకడు ముఖం తిప్పుకొని నిలబడ్డాడు. అప్పుడు ముసలాయన, ఏ పనీ తనది కాకపోయినా, చెప్పులు విప్పి లోపలికి నడిచి, మొదటి సాంచా పడుగు మీద అరచేయి ఆనించాడు. మోతలో మాట వినబడదు గనుక రెండవ చేత్తో రమ్మని ఇద్దరికీ సైగ చేశాడు.